చెవిలో చెప్పే మాట, నలుగురి గొంతులో

1996లో టోనీ బ్రాక్స్‌టన్ పాడిన ‘అన్‌బ్రేక్ మై హార్ట్’ ఎత్తుగడ వింటే ఆడగొంతు అంత కిందికి దిగుతుందా అనిపిస్తుంది. మంద్రంలో, దాదాపు మాట్లాడుతున్నట్టు, మధ్యమధ్య ఊపిరి కూడా వినిపిస్తూ సాగుతుంది. వదిలేసి వెళ్లిన మనిషిని తిరిగి రమ్మని బతిమాలడం, పాటలో విషయమల్లా అంతే. రాసింది డయాన్ వారెన్, నిర్మాత డేవిడ్ ఫాస్టర్. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 11 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఎనిమిదేళ్లు గడిచాయి. 2004లో అదే పాటను సూట్లు వేసుకున్న నలుగురు మగవాళ్లు స్పానిష్‌లో ‘రెగ్రెసా అ మీ’ అని పాడారు. మొదలు మెల్లగానే ఉంటుంది. పల్లవికి వచ్చేసరికి వెనక తీగవాద్యాలు ఉప్పెనలా లేస్తాయి, గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, చివర్లో అందరూ తారస్థాయిలో నిలబడతారు. బ్రాక్స్‌టన్ గదిలో తలుపు వేసుకుని అడిగిన మాటను వీళ్లు ఊరంతా వినేలా చాటారు. ఆ బృందం పేరు ఇల్ డివో.

ఒక మనిషిని ‘తిరిగి రా’ అని అడగడానికి నలుగురెందుకు? బయట ఎక్కడైనా నలుగురు వెళ్లి ఆ మాట అడిగితే పెద్దమనుషుల పంచాయితీ అనిపించుకుంటుంది. వేదిక ముందు కూర్చున్నవాళ్లలో మాత్రం ఎవరికీ నవ్వు రాదు. రుమాళ్లు బయటికి వస్తాయి. ఒపేరా అంటే మొత్తం పాటల మీదే నడిచే పాశ్చాత్య నాటకం. ఆ ఒపేరా గొంతులతో జనం ప్రేమపాటలు పాడే ఈ తరహా బృందాల్ని సంగీత విమర్శకులు ఏళ్ల తరబడి వెక్కిరిస్తున్నారు. జనం అంతే కాలంగా టిక్కెట్లు కొంటున్నారు. ఎవరి రుచి గొప్పదని తగువు తీర్చడం తేలికే. ఆ గొంతు ఆ పాటను ఏం చేస్తోందో చూడటంలో ఎక్కువ సరుకు ఉంది.

ఇల్ డివోను కూర్చినవాడు బ్రిటన్ టీవీ పోటీల న్యాయనిర్ణేతగా పేరుపడ్డ సైమన్ కోవెల్. 2003 చివరికి నలుగురూ కుదిరారు. డేవిడ్ మిల్లర్ అమెరికన్ టెనర్, అంటే మగగొంతుల్లో పైస్థాయివాడు. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్వేలో దర్శకుడు బాజ్ లూర్మన్ వేయించిన ‘లా బోహెమ్’ ఒపేరాలో రొడోల్ఫో పాత్ర పాడినవాళ్లలో ఒకడు. ఉర్స్ బ్యూలర్ స్విస్ టెనర్, కుర్రతనంలో హెవీ మెటల్ బ్యాండులో అరిచిన గొంతు అది. కార్లోస్ మరీన్ జర్మనీలో పుట్టిన స్పానిష్ బారిటోన్ (టెనర్ కంటే కింది మగగొంతు), ఒపేరాలూ మ్యూజికల్సూ రెండూ చేసినవాడు. నాలుగోవాడు సెబాస్టియన్ ఇజంబార్ అనే ఫ్రెంచివాడు. ఇతనికి ఒపేరా శిక్షణ లేదు, పాప్ పాటలు పాడుకుంటూ వచ్చాడు. లెక్క చూస్తే ముగ్గురు పెద్ద గొంతులవాళ్లు, ఒక మామూలు గొంతువాడు. ఈ నాలుగోవాణ్ణి ఎందుకు పెట్టుకున్నారో అర్థమైతే బృందం పనితీరు సగం అర్థమైనట్టే. ఆ సంగతికి వచ్చే ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒపేరా గాయకులు జనం పాటలు పాడటం నిన్నమొన్నటి వింత కాదు. 1902 ఏప్రిల్‌లో మిలాన్ నగరంలో ఒక హోటల్ గదిలో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కొత్తగా పేరొస్తున్న టెనర్ ఎన్రికో కరూసో చేత 10 పాటలు పాడించాడు. ప్రతిఫలం 100 పౌండ్లు. అదే గైస్‌బర్గ్ ఆ ఏడాది నవంబరుకల్లా కలకత్తా చేరి గాయని గౌహర్ జాన్ గొంతును రికార్డుకెక్కించాడు. పాట చివర ఆమె ‘మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్’ అని ఇంగ్లీషులో చెప్పడం మన దేశంలో పాత రికార్డుల మీద మక్కువ ఉన్నవాళ్లందరికీ తెలుసు. మిలాన్‌లోనైనా కలకత్తాలోనైనా గాయకుల ముందు ఉన్నది ఒకటే, ఒక రేకు గరాటా. కరెంటు లేదు. గొంతు తోసిన గాలే సూదిని కదిలించి మైనం మీద గీత గీయాలి. మెల్లగా పాడేవాళ్ల పాట ఆ మైనం మీద పడనే పడదు. అందుకని తొలి పాతికేళ్ల రికార్డుల్లో రాజ్యమేలింది గట్టి గొంతులే, అందులోనూ టెనర్లు.

ఆ టెనర్లు ఒపేరా పాటలతో పాటు నేపుల్స్ ప్రేమపాటలు విరివిగా పాడారు. ‘ఓ సోలే మియో’ 1898 నాటిది. ‘కోరె న్‌గ్రాతో’ 1911లో అమెరికాకు వలసపోయిన ఇటాలియన్ల మధ్య పుట్టింది. వీధిలో గిటారు మీద పాడుకునే పాటకూ ఒపేరా హాల్లో వినిపించే పాటకూ ఇటలీలో మధ్య గోడ ఎప్పుడూ పలచనే. ‘ఓ సోలే మియో’ బాణీ మీదే 1960లో ఎల్విస్ ప్రెస్లీ ఇంగ్లీషు మాటలతో ‘ఇట్స్ నౌ ఆర్ నెవర్’ పాడాడు. రాక్ గాయకుడిగా పేరుపడ్డవాడు కూడా ఆ పాట ఆఖర్లో ఒపేరావాళ్లలాగే గొంతు పైకెత్తక తప్పలేదు. బాణీ కట్టుబడే అలాంటిది.

1925లో మైకుతో రికార్డింగు మొదలైంది. పాట చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు వెతికినా దొరకదు. అంతవరకూ వెనక వరస దాకా వినిపించడమే గాయకుడి మొదటి పరీక్ష. మైకు వచ్చాక ఆ పరీక్ష రద్దయింది. అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ లాంటివాళ్లు మైకును వినేవాళ్ల చెవి అనుకుని దానికి దగ్గరగా జరిగి పాడారు. ప్రేమపాటకు ఇప్పుడున్న స్వభావం, అంటే ఒకరు ఒకరికి మాత్రమే చెప్పే గుట్టు, నిజానికి ఈ యంత్రం పెట్టిన భిక్ష. తెలుగువాళ్లకు ఈ మార్పు కొత్తది కాదు. మైకుల్లేని రోజుల్లో పౌరాణిక నాటకాల్లో పద్యం అందుకున్న నటుడు పందిరి ఆఖరి దాకా వినబడేలా రాగం తీసేవాడు. కృష్ణుడు రాయబారం చెప్పినా, సత్యభామను బుజ్జగించినా ఒకే కొలత. తర్వాత సినిమా పాట వచ్చింది. ‘మిస్సమ్మ’లో ఏ.ఎం. రాజా గొంతు పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అదే మనిషిని మైకు లేకుండా పరిషత్తు పోటీలో నిలబెడితే మొదటి వరస దాటి వినిపించేది కాదేమో. ఘంటసాల ఒక్కడు రెండు పడవల మీదా నడిచాడు. ఆయన సంగతి వేరు.

ఇక ఒపేరా గొంతు విషయం. ఎనభై వాద్యాలు మోగుతుంటే మైకు లేకుండా ఒక్క మనిషి గొంతు ఎలా వినబడుతుంది? బలం ఒక్కటే అయితే ఏ గాయకుడూ గెలవలేడు. స్వీడన్ ధ్వనిశాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ దీన్ని కొలిచి చూపించాడు. ఆర్కెస్ట్రా శక్తిలో ఎక్కువ భాగం 500 హెర్ట్‌జ్ (సెకనుకు 500 కంపనాలు) చుట్టుపక్కల ఉంటుంది, అక్కణ్ణుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. శిక్షణ పొందిన మగ గాయకుడు స్వరపేటికను కిందికి దింపి, గొంతు లోపలి గొట్టాన్ని ఒక ఆకారంలో నిలిపి, 3000 హెర్ట్‌జ్ దగ్గర అదనంగా ఒక మెరుపు పుట్టిస్తాడు. ఆర్కెస్ట్రా పలచబడే చోట గొంతు చిక్కబడుతుందన్నమాట. మనిషి చెవికి సూక్ష్మత ఎక్కువ ఉండేదీ దాదాపు ఆ ప్రాంతంలోనే. హోరువానలో దూరంగా గుడిగంట వినబడటం లాంటిదే ఇదీ.

మైకు ఉన్నచోట ఈ విద్య అక్కర్లేదు. ఇల్ డివో పాడే స్టేడియాల్లో ప్రతి ఒక్కరి చేతిలోనూ మైకు ఉంటుంది. అయినా ఆ మెరుపు అలాగే ఉంది, దాని పని మాత్రం మారింది. అది ఇప్పుడు వినిపించడానికి పనికొచ్చే సాధనంగా మిగల్లేదు, ఒక గుర్తుగా మారింది. ఆ నాదం చెవిన పడగానే ‘ఇది మామూలు విషయం కాదు, మనిషి ప్రాణం పెట్టి చెబుతున్నాడు’ అని వినేవాళ్లకు తెలిసిపోతుంది. వీళ్ల వీడియోలు ఏవి చూసినా ఒక చిన్న కదలిక పదేపదే కనిపిస్తుంది. చరణం పాడేటప్పుడు మైకు పెదవులకు తగులుతున్నట్టు ఉంటుంది. పై స్థాయి దగ్గర పడగానే చెయ్యి మెల్లగా కిందికి, పక్కకు జరుగుతుంది. ఆఖరి స్వరానికి మైకు జానెడు దూరంలో ఉంటుంది. దగ్గరున్నప్పుడు క్రాస్బీ వారసుడు, దూరం జరిగాక కరూసో వారసుడు. రెండు శతాబ్దాల పాట పద్ధతులు ఒక మోచెయ్యి కదలికలో ఇమిడిపోయాయి.

నాలుగోవాడి అవసరం ఇక్కడే తెలుస్తుంది. ఇజంబార్ గొంతులో ఆ మెరుపు లేదు, ఊపిరి ఉంది, కొంచెం గరుకుదనం ఉంది. గొంతులన్నీ మొదటి మాట నుంచే గోపురాల్లా నిలబడితే ఎక్కడానికి మెట్లుండవు. మామూలు మనిషి మాటలా ఒకటి వినబడితేనే పక్కన ఉన్నది గోపురమని తెలుస్తుంది. ఈ బృందాల పాటలన్నీ దాదాపు ఒకే నిచ్చెన ఎక్కుతాయి. బారిటోనో పాప్ గొంతో మంద్రంలో కథ మొదలుపెడుతుంది. రెండో చరణం ఒక టెనర్ అందుకుంటాడు. పల్లవిలో అందరూ కలుస్తారు. ఆపైన ఒక చిన్న విరామం, డోలు దరువు, శ్రుతి అర మెట్టో ఒక మెట్టో పైకి జరగడం. కర్ణాటక కచేరీలకు అలవాటుపడ్డ చెవికి ఈ ఆఖరిది కొంచెం దిగ్భ్రమే. తంబురా శ్రుతి కచేరీ పొడుగునా కదలకూడదని నమ్మే సంప్రదాయం మనది. అక్కడ నేల ఉన్నట్టుండి పైకి లేస్తుంది, జనం చప్పట్లు కొడతారు.

ఈ నిచ్చెన మీద ఆలోచిస్తే నలుగురి చిక్కుముడి విడిపోతుంది. వినేవాళ్లు వీళ్లను నలుగురు ప్రేమికులుగా చూడటం లేదు. ఒకే ప్రేమికుడి మనసు అంతస్తులవారీగా వినబడుతోంది. లోపల గొణుక్కున్నది బారిటోన్, ధైర్యం కూడగట్టుకున్నది మొదటి టెనర్, తెగించి అరిచినది రెండో టెనర్. ఒక్క గాయకుడు ఈ మూడూ చేయాలంటే మూడు నిమిషాల్లో అతని స్వభావమే మారినట్టు ఉంటుంది. గొంతు మారిస్తే ఆ ఇబ్బంది లేదు.

కలిసి పాడటంలో మాత్రం ఒక మొండి సమస్య ఉంది. ఒపేరా గొంతు ఒంటరిగా గెలవడానికి తయారైనది. దానిలో సెకనుకు 5 నుంచి 7 సార్లు ఊగే వైబ్రాటో ఉంటుంది, మన కంపితానికి దూరపు చుట్టం. నలుగురి ఊపూ ఒకే వేగంలో ఉండదు. ఒకరిది ఐదున్నర, ఇంకొకరిది ఆరున్నర అయితే కలిసి నిలిపిన స్వరసమూహం నీళ్లలో నీడలా చెదురుతుంది. బృందగానంలో పాడేవాళ్లు అందుకే తమ గొంతులోని మెరుపునూ ఊపునూ తగ్గించుకుంటారు. ఒకే గాయకుడు ఒంటరిగా పాడినప్పుడు, బృందంలో పాడినప్పుడు ఆ 3000 హెర్ట్‌జ్ శక్తి వేరుగా ఉంటుందని సుండ్‌బెర్గ్ వర్గం కొలతలే చెబుతున్నాయి. ఈ పాప్-ఒపేరా బృందాలు తగ్గించుకోవడానికి ఒప్పుకోవు, ఆ మెరుపుకే కదా టిక్కెట్టు. కనుక స్వర సమ్మేళనం అని ప్రచారం ఉన్నా, జాగ్రత్తగా వింటే ఎక్కువ భాగం వంతులవారీగా పాడిన ఒంటరి పాటలూ, అందరూ ఒకే స్వరం అందుకున్న చోట్లూ కనిపిస్తాయి. నిజమైన నాలుగు గొంతుల అల్లిక తక్కువ. పది మంది రుచిగా వండగలిగిన వంటింట్లో ఒక్కరే గరిటె పట్టుకోవాలి మరి.

బృందం అనే ఆలోచనకు పునాది వేసిన రాత్రి 1990 జులై 7. మర్నాడు రోమ్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్. అదే నగరంలో కరకల్లా స్నానఘట్టాల శిథిలాల మధ్య పేరుమోసిన టెనర్లు లుచానో పవరోట్టీ, ప్లాసిడో డొమింగో, హొసే కరేరాస్ ఒకే వేదిక ఎక్కారు. ఆర్కెస్ట్రాను నడిపించినవాడు బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా. రక్త క్యాన్సర్ నుంచి బయటపడ్డ కరేరాస్‌కు ఇద్దరు పోటీదార్లు చెప్పిన స్వాగతంలా మొదలైంది అది. ఆ రికార్డు శాస్త్రీయ సంగీతంలో అంతకు ముందెన్నడూ లేనంతగా అమ్ముడైంది. అందులో చూడాల్సిన ముచ్చట ‘ఓ సోలే మియో’. పవరోట్టీ ఒక చోట స్వరాన్ని పట్టుకుని సరదాగా, అవసరానికి మించి వణికిస్తూ సాగదీశాడు. మళ్లీ పాడినప్పుడు డొమింగో, కరేరాస్ కలిసి అదే వణుకును అనుకరిస్తూ ఆయన్ను ఆటపట్టించారు. కచేరీలో తనిఆవర్తనం వేళ మృదంగం వేసిన ముక్తాయికి ఘటం కొంటెగా జవాబు చెప్పినట్టు ఉంటుంది. జనానికి నచ్చింది ఆ చెలిమే. ఒపేరా గొంతులు పోటీ మానేసి జట్టు కట్టగలవని, ఆ జట్టుకు స్టేడియం నిండుతుందని వ్యాపారులు ఆ రాత్రి నేర్చుకున్నారు.

ఆ కచేరీ ఆఖరి ఘట్టం ‘నెస్సున్ దోర్మా’. ఇటలీ స్వరకర్త పుచ్చీనీ చివరి ఒపేరా ‘తురందోత్’లోది, 1926లో మిలాన్‌లో మొదటిసారి ప్రదర్శించారు. తనను తిరస్కరిస్తున్న రాకుమారిని తెల్లారేసరికి గెలుస్తానని నాయకుడు పాడే పాట, అంటే అదీ ప్రేమపాటే. దాని చివరి మాట ‘విన్‌చెరో’, గెలుస్తాను అని. ఆ మాటలో, టెనర్లు ‘హై సి’ అనే స్వరానికి ఒక అర మెట్టు కింద ఉండే స్వరం కోసమే సగం జనం వస్తారు. పుచ్చీనీ రాసిన ప్రతిలో ఆ స్వరం రెప్పపాటు మాత్రమే ఉంటుంది, దాని తర్వాతి స్వరానికే నిడివి ఎక్కువ. గాయకులు దాన్ని సాగదీసి సాగదీసి కొండంత చేశారు. విమర్శకులు పాప్-ఒపేరాను తప్పుబట్టే గుణాలు, ఆఖరి స్వరం మోజు, చప్పట్ల కోసం ఆగడం, అసలు ఒపేరా హాళ్లలోనే పుట్టి పెరిగాయని చెప్పడానికి ఈ ఒక్క స్వరం చాలు. కొత్త బృందాలు చేసిందల్లా ఆ స్వరాన్ని మూడు గంటల కథ నుంచి ఊడదీసి మూడు నిమిషాల పాటకు అతికించడం.

అతకనివీ ఉన్నాయి. ఎరిక్ కార్మెన్ 1975 పాట ‘ఆల్ బై మైసెల్ఫ్’ను ఇల్ డివో 2005లో ‘సోలో ఒత్రా వెస్’గా పాడింది, అది హాయిగా ఇమిడింది. దానికి కారణం పాట పుట్టుకలోనే ఉంది. కార్మెన్ ఆ చరణం బాణీని రష్యన్ స్వరకర్త రాచ్మనినోఫ్ రెండో పియానో కన్సర్టో (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచన) నుంచి తీసుకున్నాడు. హక్కుల గడువు తీరిందనుకుని వాడుకుని, తీరలేదని తెలిశాక వారసులకు రాయల్టీలో 12 శాతం ఇచ్చేందుకు ఒప్పుకున్నాడు. కన్సర్టు హాలు నుంచి రేడియోకు వచ్చిన బాణీ మళ్లీ పుట్టింటికి వెళ్లినట్టయింది. 2011లో పాడిన ‘వికెడ్ గేమ్’ కథ వేరు. క్రిస్ ఐజాక్ 1989లో పాడిన అసలు పాట బలమంతా అతను ఏమీ గట్టిగా అనకపోవడంలో ఉంది. గొంతు అందీ అందనట్టు పైకి జారుతుంది, గిటారు ఒంటరిగా మూలుగుతుంది. ప్రేమలో పడకూడదని తెలిసీ పడుతున్నవాడి నీరసం అది. దానికి ఇటాలియన్ మాటలు తొడిగి, తీగవాద్యాలు నింపి, నిండు గొంతులతో ఎత్తితే నీరసం కాస్తా వీరం అయింది. అందంగా ఉంటుంది, కానీ ఆ మనిషి ఇక అక్కడ లేడు. సందేహం, సిగ్గు, తనమీద తనకే రోత ఉన్న పాటలు ఈ గొంతుకు లొంగవు. శపథం, విరహం, వీడ్కోలు వెంటనే లొంగుతాయి.

భాష మార్చడం ఈ వ్యాపారంలో మరో కీలకం. ఇంగ్లీషులో అందరికీ కంఠతా వచ్చిన పాటను స్పానిష్‌కో ఇటాలియన్‌కో మార్చి, ఆ భాషలు రానివాళ్లకే అమ్ముతారు. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఇదే కాలంలో ఒపేరా హాళ్లు ఎదురు దారి పట్టాయి. 1983లో టొరంటోలో కెనడియన్ ఒపేరా కంపెనీ వేదిక పైన తెర మీద అనువాదం చూపించడం మొదలుపెట్టాక, మాట అర్థం కావాలన్న పట్టుదల ప్రపంచమంతా పాకింది. అర్థమయ్యే పాటను అర్థం కాకుండా చేయడం పాప్-ఒపేరా పద్ధతి. మాట మూసేస్తే మిగిలేది నాదం. పాట అర్థం ముందే తెలుసు కనుక వినేవాళ్లకు నష్టం లేదు. పైగా ‘నా గుండె పగిలింది’ వంటి అరిగిపోయిన మాట పరభాషలో కొత్తగా మెరుస్తుంది.

గొంతు వైపు నుంచి కూడా ఇందులో లాభం ఉంది. ఇటాలియన్, స్పానిష్ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అచ్చులు శుభ్రంగా విడివిడిగా ఉంటాయి. పై స్వరం నిలబెట్టడానికి అచ్చే ఆసరా. హల్లు మీద ఎవరూ నిలబడలేరు. ఇంగ్లీషులో ‘హార్ట్’ అన్న మాట మీద పాట ముగించాలంటే ఎక్కడో ఒక చోట ‘ట్’ అని తలుపు మూయాలి. ఇటాలియన్‌లో ‘కూఓరె’ అని నోరు తెరిచే వదిలేయవచ్చు. తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని చెప్పుకుని మురిసిపోవడం మనకు అలవాటు. ఆ పోలికలో భాషాశాస్త్రం బరువు తక్కువే గానీ గాయకుడి గొంతుకు మాత్రం అది నిజం. తమిళనాట త్యాగరాజ కృతులు పాడే ఎంతోమంది విద్వాంసులకు తెలుగు మాట్లాడటం రాకపోయినా, అజంత (అచ్చుతో ముగిసే) పదాల మీద రాగం నిలపడంలో హాయి వాళ్లకు తెలుసు. అర్థం తెలియని భాషలో పాట విని కదిలిపోవడం మన సభల్లోనూ ఉన్నదే. దాన్ని ఎవరూ మోసం అనలేదు.

మోసం అన్న మాట పాప్-ఒపేరా విషయంలో మాత్రం తరచూ వినిపిస్తుంది. 2000లో బ్రిటన్‌లో బాండ్ అనే నలుగురు అమ్మాయిల తీగవాద్య బృందం ఆల్బమ్‌ను శాస్త్రీయ సంగీత పట్టిక నుంచి తీసేశారు, తగినంత శాస్త్రీయం కాదని. అప్పటి నుంచీ ఈ సరిహద్దు తగాదా నడుస్తూనే ఉంది. విమర్శలో న్యాయమైన భాగం ఒకటుంది. స్టేడియంలో మైకు పట్టుకుని నాలుగు వరసలు పాడే గొంతునూ, మైకు లేకుండా మూడు గంటలు పాత్ర మోసే గొంతునూ ఒకే పేరుతో పిలిస్తే రెండో దాని కష్టం కనబడకుండా పోతుంది. ఇల్ వోలో అనే ఇటలీ బృందం కుర్రాళ్లు ముగ్గురు, పియేరో బరోనె, ఇన్యాత్సియో బొస్కెట్టో, జన్లూకా జినోబ్లె, 2009లో ఇటలీ టీవీ పిల్లల పాటల పోటీలో కలిశారు. అప్పటికి పెద్దవాడికి 16 దాటలేదు. అంత చిన్న వయసులో టెనర్ గొంతు ఇంకా పండదు. వాళ్లను ఒపేరా గాయకులని ప్రచారం చేస్తే అది సరుకు మీద తప్పుడు చీటీ.

చీటీ తీసి పక్కన పెడితే సరుకు ఎలా ఉందన్నది వేరే ప్రశ్న. 2015లో ఇల్ వోలో ‘గ్రాందె అమోరె’తో సాన్ రెమో పాటల పండుగ గెలిచి, మే నెలలో దేశాల మధ్య జరిగే పాటల పోటీ యూరోవిజన్ కోసం వియన్నా వెళ్లింది. అక్కడ ఏ పాటైనా 3 నిమిషాలు దాటకూడదు. ఆ కాస్త సమయంలోనే నిచ్చెన మొత్తం ఎక్కారు. జన్లూకా బారిటోన్ కళ్లు మూసుకుని గొణుగుతున్నట్టు ఎత్తుకోవడం, టెనర్లు అందుకోవడం, పల్లవి పగలడం, ఆఖర్లో ముగ్గురూ ఒకే మాట మీద విరుచుకుపడటం. లెక్కలు విప్పాక తమాషా బయటపడింది. జనం ఫోన్ ఓట్లలో ఇటలీదే మొదటి స్థానం, 366 పాయింట్లు. సంగీత నిపుణుల న్యాయమండలి లెక్కలో ఆరో స్థానం. రెండూ కలిపితే మూడోది. ఒకే రాత్రి ఒకే పాట విని రెండు గుంపులు ఇంత దూరంగా పడ్డాయి. నిపుణులు కొత్తదనం వెతుక్కున్నారు. జనం ఏం వెతుక్కున్నారో చెప్పాలంటే, ఆ ఏడాది వరసగా వచ్చిన పాటల మధ్య ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అని సిగ్గుపడకుండా, ఎకసెక్కం లేకుండా, గొంతు చించుకుని చెప్పినవాళ్లు ఎవరో చూస్తే సరిపోతుంది. నేటి పాప్ పాటలో ప్రేమ చెప్పేవాడు ముందు జాగ్రత్తగా ఒక నవ్వు జేబులో పెట్టుకుంటాడు. ఒపేరా గొంతుకు ఆ జేబు లేదు.

కొరియాలో ఇదే విషయం ఇంకో రూపం తీసుకుంది. అక్కడ సంగీత కళాశాలల నుంచి ఏటా పాశ్చాత్య శాస్త్రీయ గాత్రం నేర్చి బయటికి వచ్చేవాళ్లు చాలామంది, వాళ్లకు దొరికే ఒపేరా కొలువులు మాత్రం కొన్నే. 2016 నవంబరులో జేటీబీసీ ఛానల్ ‘ఫాంటమ్ సింగర్’ అనే పోటీ మొదలుపెట్టింది. ఒపేరా చదివినవాళ్లు, మ్యూజికల్ నటులు, ఏ శిక్షణా లేనివాళ్లు విడివిడిగా వచ్చి, వారాల పాటు జట్లు మారుతూ, చివరికి నలుగురేసి బృందాలుగా తేలాలి. మొదటిసారి ఫోర్తె ది క్వాత్రో గెలిచింది, రెండోసారి ఫోరెస్తెల్లా. ఫోరెస్తెల్లాలో కాంగ్ హ్యుంగ్ హో అనే అతను రసాయనాల కంపెనీలో పరిశోధకుడిగా ఉద్యోగం చేస్తూ వచ్చాడు. యూరప్‌లో నిర్మాత గదిలో గుట్టుగా జరిగే పొందిక, ఏ గొంతు పక్కన ఏ గొంతు నిలుస్తుందన్న వెతుకులాట, ఇక్కడ జనం కళ్ల ముందు జరిగింది. గొంతులు కలవడం ఎంత కష్టమో జనానికి చూపించిన కార్యక్రమం ఇంకోటి లేదేమో. బాగా పాడే నలుగురిని ఒక చోట నిలబెట్టి, కలవక, ఒకరిని మార్చి, మళ్లీ ప్రయత్నించి, చివరికి ఒక స్వరం దగ్గర నలుగురి ఊపూ ఒకటైన క్షణాన న్యాయనిర్ణేతల ముఖాలు చూడాలి.

2021 డిసెంబరులో ఇల్ డివో బ్రిటన్‌లో పర్యటిస్తుండగా కార్లోస్ మరీన్‌కు కోవిడ్ సోకింది. డిసెంబరు 19న మాంచెస్టర్ ఆసుపత్రిలో పోయాడు, వయసు 53. ఎనిమిదేళ్ల వయసులో ‘ది లిటిల్ కరూసో’ అనే ఆల్బమ్ పాడిన గొంతు అది. మిగిలిన ముగ్గురూ ముగ్గురిగానే కొనసాగి ఉండవచ్చు, ఈ తరహాలో ముగ్గురి బృందాలు ఉన్నవే. కానీ వాళ్ల దగ్గర పదిహేడేళ్ల పాటలన్నీ కింది గొంతు ఒకటి ఉంటుందన్న లెక్కతో రాసుకున్నవి. బారిటోన్ లేకపోతే నిచ్చెనకు కింది మెట్టు లేదు. 2022 పర్యటనకు స్టీవెన్ లాబ్రీ అనే అమెరికన్ బారిటోన్‌ను అతిథిగా పిలిచారు. మరుసటేడు అతను సభ్యుడయ్యాడు. ఇప్పుడు మరీన్ ఎత్తుకునే చోట్ల లాబ్రీ ఎత్తుకుంటున్నాడు, మైకు పెదవులకు ఆనించి, మెల్లగా.